ఇరవై పది

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలూ సైన్సూ చెప్పి రిటైరైన దాన్ని. బళ్లో ఏ ఆడపిల్లకైనా దయ్యం పట్టిందని ఎవరైనా పరిగెత్తుకొస్తే, ముందు ఆ పిల్లకు అన్నం పెట్టించేదాన్ని, తర్వాత ఏమైందని అడిగేదాన్ని. సగం దయ్యాలు అన్నం తింటే పోతాయి. మిగతా సగం పరీక్షలు అయిపోతే పోతాయి.

మా ఇంట్లోనూ అలాంటి నమ్మకాలు లేవు. మాది ఆళ్లగడ్డ. మా నాయన అక్కడ ఎలిమెంటరీ బడి మాస్టరు. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి, ఆయనకు మూడో లోకం తెలియదు. తాయెత్తు కట్టుకున్న పిల్లవాడు కనిపిస్తే ఆ తాయెత్తు కట్టినవాడి ఇంటిదాకా పోయి పోట్లాడి వచ్చేవాడు. ఆ ముక్కోపమే నాకూ వచ్చిందని మా అమ్మ అనేది.

అయినా ఇది రాస్తున్నాను. ఈ సంగతి తెలిసినవాళ్లలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా పోతే సుగుణ పేరు పలికే నోరు ఈ భూమ్మీద ఉండదు. నమ్మమని ఎవరినీ బతిమాలను. చదివి పక్కన పెట్టినా నాకు కోపం లేదు.

సుగుణ నా చెల్లెలు. మా ఇద్దరి మధ్యా ఎనిమిదేళ్ల తేడా. నాకు తోబుట్టువులు ఉండరని అందరూ అనుకున్నాక పుట్టింది. అందుకే అది మా ఇంట్లో మహారాణి. నేను నంద్యాలలో హాస్టల్లో ఉండి ఆడపిల్లల హైస్కూల్లో ఫోర్త్ ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి, చదువుతున్నప్పుడు దానికి ఆరేళ్లు. నాలుక సరిగ్గా తిరిగేది కాదు. 'ర' బదులు 'ల' పలికేది. మొండితనం మాత్రం మూరెడు.

దాని మొండితనం ఎలాంటిదో ఒక్క మాటలో చెప్తాను. లెక్క పెట్టమంటే ఇరవై తొమ్మిది దాకా గడగడా చెప్పేది. ఆ తర్వాత "ఇలవై పది" అనేది. నాయన పలక తీసుకొని కూర్చుని, "ముప్పై అనాల అమ్మీ" అని దిద్దితే ఒప్పుకునేది కాదు. "తొమ్మిది అయినాక పదే గదా నాయనా వచ్చేది?" అని ఎదురడిగేది. ఊరందరి పిల్లలకూ ఎక్కాలు నేర్పిన మనిషి, సొంత బిడ్డ దగ్గర పలక పక్కన పెట్టేవాడు. "దాని లెక్క దానిది, పోనీ" అని అమ్మ నవ్వేది.

పందొమ్మిది వందల యాభై ఏడు అది. కర్నూలు చేతినుంచి రాజధాని పోయి ఇంకా ఏడాది నిండలేదు. దసరా సెలవులకు ముందు మా బడి గైడ్సు పిల్లలను అహోబిలం పక్క నల్లమలలో క్యాంపుకు తీసుకుపోతామన్నారు. నాలుగు రోజులు అడవిలో గుడారాలు వేసుకొని ఉండాలి, వంట మేమే చేసుకోవాలి. ఆడపిల్లలను అడవికి పంపడమేమిటని చాలా ఇళ్లలో గొడవలు జరిగాయి. మా అమ్మే నాయనతో వాదించి నన్ను పంపింది. "అది నాలుగు చోట్లు సూడనీ. మనమెట్లా సూడలేదు" అందట.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సు. అక్కడ దిగి ఎద్దులబండ్లు ఎక్కాలి. మేం దిగేసరికే తుంపర మొదలైంది. అందరికీ గోనెసంచులు ఇచ్చారు. సంచి ఒక మూలను ఇంకో మూలలోకి దూర్చి తలమీద వేసుకుంటే నడుము దాకా కప్పుతుంది, వాన పడదు. అవి వేసుకొని నిలబడితే వెనకనుంచి ఎవరు ఎవరో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు.

మా గైడ్సు టీచరు కరుణమ్మ గారు. గట్టి మనిషి. ఆమెకొక నియమం ఉండేది. బండి ఎక్కేముందు, దిగాక, నీళ్లు దాటేముందు, దాటాక, పొట్టివాళ్ల నుంచి పొడుగువాళ్ల దాకా వరసగా నిలబడి ఎవరి నంబరు వాళ్లు గట్టిగా చెప్పాలి. అందరికంటే పొడుగు నేను. నా నంబరు చివరిది, ఇరవై తొమ్మిది. నా ముందు ఇరవై ఎనిమిది పాణ్యం పిల్ల నాగేశ్వరి, నా ప్రాణ స్నేహితురాలు.

ఆ రోజు ఆళ్లగడ్డలో నన్ను చూడ్డానికి నాయన సుగుణను ఎత్తుకొని వచ్చాడు. దాని తలమీద కూడా చిన్న గోనెసంచి ఉంది. క్యాంపులో గోనెలు కప్పుకుంటామని నేను ఇంటికి రాసిన రోజునుంచీ అది తనకూ గోనె కావాలని ఏడ్చి, నాయన చేత సంచి కత్తిరించి కుట్టించుకుందట. "రెండు దినాలుగా ఇంట్లో కూడా అది తీయలేదు, అమ్మీ. నెత్తిన బెట్టుకొనే అన్నం తింటాంది" అన్నాడు నాయన.

మేం రోడ్డు పక్కన వరసలో నిలబడ్డాం. నంబర్లు మొదలయ్యాయి. నేను "ఇరవై తొమ్మిది" అన్నాను. నా వెనకనుంచి గట్టిగా, "ఇలవై పది!" అని వినిపించింది. తిరిగి చూస్తే సుగుణ. నాయన చంక దిగి ఎప్పుడు వచ్చిందో వచ్చి, నా వెనక చేతులు కట్టుకొని నిలబడి ఉంది.

అందరూ పడీ పడీ నవ్వారు. బండ్లవాళ్లు కూడా నవ్వారు. ఎప్పుడూ నవ్వని కరుణమ్మ టీచరు నవ్వి, "వచ్చే ఏడు నీ పేరు రాసుకుంటాం లేమ్మా" అంది. సుగుణ నవ్వలేదు. "ఇప్పుడే లాసుకోండి" అంది.

నేను దాన్ని ఎత్తుకొని ముద్దు పెట్టుకున్నాను. చెంప వేడిగా తగిలింది. "నాయనా, దీనికి ఒళ్లు కాలుతాంది" అన్నాను. "జలుబులే. ఇంటికి పోతానే కషాయం పోస్తుంది మీ అమ్మ. నువ్వు బండెక్కు" అన్నాడు. బండి కదిలింది. అది ఏడవలేదు. నాయన భుజం మీదనుంచి మమ్మల్నే చూస్తూ ఉండింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

క్యాంపు గురించి ఎక్కువ చెప్పను. అడవిలోకి పోవాలంటే ఒక వంక, అంటే కొండవాగు, దాటాలి. రాళ్ల వంక, బండ్లు దిగవు. బండ్లను ఈవలి గట్టునే ఆపి, మోకాలు కూడా మునగని నీళ్లలో నడిచి దాటాం. ఆవల గుడారాలు వేశాం. రెండో రోజుకు అవి ఎడతెగని వానకు చిల్లుల గంపల్లా కారాయి. పక్కనే అటవీశాఖ వాళ్ల పాత కొట్టం ఉంటే అందులోకి చేరాం. కట్టెలు తడిసి పొయ్యి అంటుకోదు. సగం ఉడికిన అన్నం, దాంట్లో చెనిక్కాయల పొడి. పొగకు కళ్లు మండి ఒకరిని చూసి ఒకరం నవ్వుకోవడం. చెప్పడానికి నాకు నోరు రావడం లేదు గానీ, నా జన్మలో అంత సంతోషంగా ఉన్న రోజులు లేవు. మేం అక్కడ అట్లా నవ్వుతున్నప్పుడు ఇక్కడ ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియదు.

మరుసటి రోజు మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. ఈ తెరిపిలోనే వెళ్లిపోదాం అని కరుణమ్మ టీచరు మూటలు కట్టించింది. వంక దగ్గరికి వచ్చాం. నీళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ ఎక్కువేమీ లేవు. ఆవలి గట్టున బండ్లు సిద్ధంగా ఉన్నాయి. మా బండి తోలే మద్దిలేటి చేయి ఊపి, "రాండి, రాండి, బేగా దాటండి" అని అరుస్తున్నాడు. మేం అందరం గోనెలు కప్పుకొని వరసగా నిలబడ్డాం. నంబర్లు మొదలయ్యాయి.

నాగేశ్వరి "ఇరవై ఎనిమిది" అంది. నేను "ఇరవై తొమ్మిది" అన్నాను.

"ఇలవై పది."

నా వెనకే. చాలా దగ్గరగా. గోనె గుడ్డకు ఆనుకొని చెప్పినట్టు.

కొందరు కిసుక్కున నవ్వారు. ఆళ్లగడ్డలో జరిగింది అందరికీ గుర్తుంది కదా. టీచరుకు కోపం వచ్చింది. "ఎవరే అది? వంక ముందర నిలబెట్టుకొని ఎగతాళా? మళ్లా మొదట్నుంచి చెప్పండి" అంది. నేను వెనక్కి తిరిగి చూశాను. తడిసిన పొదలు, మేం నడిచి వచ్చిన దారి. మనిషి లేదు.

మళ్లీ మొదటినుంచి చెప్పారు. నా నంబరు నేను చెప్పాను.

"ఇలవై పది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరి మొహాలూ నావైపే తిరిగి ఉన్నాయి. ఎవరి పెదవీ కదలలేదు. ఆ మాటకు నేను ఇప్పుడైనా ప్రమాణం చేస్తాను. నాగేశ్వరి నా చేయి గట్టిగా పట్టుకుంది. టీచరు గబగబా వచ్చి నా వెనక పొదల్లో కర్రతో కొట్టి చూసింది. ఏమీ లేదు. ఆమె నన్ను చూసి, "ఏమైంది విమలా, అట్లున్నావేమి?" అంది. నేను ఆ పొదలవైపే చూస్తున్నాను. పిల్లలు ఎవరైనా దాని మాటను అనుకరించవచ్చు. ఆ గొంతును కాదు. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన గొంతు అది. ఆళ్లగడ్డలో నేను ఎత్తుకున్నప్పుడు విన్న గొంతు.

అప్పుడు ఎగువనుంచి రాళ్లు దొర్లుతున్న చప్పుడు వచ్చింది. ఆవలి గట్టున మద్దిలేటి "ఎనక్కి పోండి! ఎనక్కి!" అని పెద్దగా కేకలు పెట్టాడు. మేం గట్టు పైకి పరిగెత్తాం. చూస్తుండగానే వంక నిండింది. కొండల్లో ఎక్కడో కురిసిన వాన అంతా ఒక్కసారి వచ్చి పడింది. చెట్లు వేళ్లతో సహా కొట్టుకొచ్చాయి. మొదటిసారి నంబర్లు చెప్పగానే దిగి ఉంటే, మేమంతా ఆ నీళ్ల నడుమ ఉండేవాళ్లం.

పిల్లలంతా ఒకరినొకరు పట్టుకొని ఏడ్చారు. టీచరు మోకాళ్ల మీద కూలబడి ప్రార్థన చేసింది. నేను మాత్రం, "టీచర్, నేను ఇంటికి పోవాల. మా సుగుణకు ఏదో అయింది. నన్ను పంపండి" అని ఆమె చీర పట్టుకొని వదల్లేదు. ఎక్కడికి పంపుతుంది? వంక అటువైపు ఇల్లు, ఇటువైపు నేను. ఆ రాత్రంతా కొట్టంలో నాగేశ్వరి ఒళ్లో తల పెట్టుకొని ఏడుస్తూనే ఉన్నాను.

పొద్దున నీళ్లు తీశాయి. దాటాం. నేను బండి ఎక్కబోతుంటే మద్దిలేటి నా వెనక వెతికినట్టు చూసి, "ఏం పాపా, ఆ బుడ్డపాప యాడ?" అన్నాడు.

"ఏ బుడ్డపాప?" అన్నాను.

"మీ చెల్లెలు. నిన్న ఆ గట్టున కడాన నిలబడి ఉన్న్యాది గదా, నీ ఎనకాల. గోనె కప్పుకొని. ఆ దినం ఆళ్లగడ్డలోనే ఇడిసినారు గదా, మళ్లా ఎప్పుడు తోలుకొచ్చినారబ్బా అనుకొంటి."

నాగేశ్వరి అతన్ని చూసింది, నన్ను చూసింది. మద్దిలేటి సుగుణను అంతకుముందు ఒక్కసారే చూశాడు. వంకకు ఆవలనుంచి, చినుకుల్లో, గోనెలు కప్పుకున్న పిల్లలను చూసి పొరబడి ఉండవచ్చు. ఆ మాట నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను.

ఆళ్లగడ్డలో బండి దిగి ఇంటికి పరిగెత్తాను. ఇంటి ముందు చర్చివాళ్లు నిలబడి ఉన్నారు. నన్ను చూసి దారి ఇచ్చారు. అంతే, నాకు తెలిసిపోయింది.

జలుబు అనుకున్నది ఊపిరితిత్తులకు దిగింది. కాంపౌండరు వచ్చి మందు ఇచ్చి, నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడట. దారిలో వక్కిలేరు పొంగి బస్సులు నిలిచిపోయాయి. నాయన భుజాన వేసుకొని ఏటిగట్టు దాకా పోయి, దాటలేక, వానలో నిలబడి నిలబడి వెనక్కి తెచ్చాడట. ఎవరిని తప్పు పడతాం? ఆ ఏటిని తిడతామా?

సమాధి చేసేశారు. వానలు ఆగేట్టు లేవని, నేను ఎప్పుడు వస్తానో తెలియదని. నేను దాని మొహం చూడలేదు.

అమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకొని కూర్చొని, ఎవరికో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"నిన్న మధ్యాన్నం వాన కొంచెం తెరిపిచ్చె. అప్పుడు కండ్లు తెరిసె. 'అమ్మా, అక్క నంబలెంత?' అనె. 'ఇరవై తొమ్మిది గదనే' అంటి. 'ఐతే నేను ఎనకాల నిలబడ్తా' అనె. మళ్లా మాట్లాడలే."

నేను అప్పుడు ఏమీ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. దినాలు గడిచాక, ఒకరోజు అమ్మ జొన్నలు చెరుగుతూ చెరుగుతూ ఆగిపోయి శూన్యంలోకి చూస్తుంటే, ఉండబట్టలేక అంతా చెప్పేశాను. వంక, నంబర్లు, మద్దిలేటి మాట, అన్నీ. అమ్మ పిచ్చిదైపోతుందేమో అని నాకు భయం.

అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"తడిసిందా పాప?"

నేను చూస్తే కదా చెప్పడానికి. అయినా, "లేదమ్మా, గోనె నిండా కప్పుకొని ఉన్న్యాది" అన్నాను. మద్దిలేటి చూసింది నేను చూసినట్టు చెప్పాను. అమ్మ తల ఊపింది. అప్పుడు ఏడ్చింది, అన్నాళ్ల తర్వాత మొదటిసారి. చేట పక్కకు తోసి, నన్ను పట్టుకొని, గుండెలు పగిలేలా ఏడ్చింది.

ఆ చిన్న గోనెసంచి మా ఇంట్లో కొయ్యకు వేలాడుతూ ఉండేది. నేను క్యాంపునుంచి వచ్చిన రోజు అది పిండితే నీళ్లు కారేంత తడిగా ఉంది. కాబట్టి సుగుణ నిజంగానే వచ్చిందని మా పిన్ని ఊరంతా చెప్పింది. నేను ఒప్పుకోను. మా ఇంటి మిద్దె ఆ వానకు నాలుగు చోట్ల కారింది, కొయ్య సరిగ్గా అందులో ఒక చోటే ఉంది. పైగా నాయన చెల్లెల్ని ఏటిగట్టుకు తీసుకుపోయినప్పుడు తలమీద అదే కప్పాడు. లేని సాక్ష్యం నాకు అక్కర్లేదు.

పెద్దయ్యాక నాగేశ్వరిని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. "ఒట్టు పెట్టి చెప్పు, నువ్వు అనలేదు కదా?" అంటే, "ఎన్నిసార్లు అడుగుతావే తల్లీ! నేననలే. ఎవురూ అనలే. నాకూ వినబడె" అనేది. పోయిన ఏడు తను కూడా వెళ్లిపోయింది. కరుణమ్మ టీచరు బతికినంతకాలం ప్రతి ఏటా ఆ రోజుకు ఆళ్లగడ్డ వచ్చి, సుగుణ సమాధి మీద పూలు పెట్టి పోయేది. "నా పిల్లల్ని కాపాడిన బిడ్డ" అనేది.

ఆ మాట అందరూ అన్నారు. పాస్టరు గారు ప్రసంగంలో కూడా అన్నారు. చనిపోతూ అంతమందిని కాపాడిందని. నాకు ఆ మాట వింటే కోపం వచ్చేది, ఇప్పటికీ వస్తుంది. ఆరేళ్ల పిల్లకు కాపాడే పనేమిటి? అది ఎవరినీ కాపాడ్డానికి రాలేదు. దానికి క్యాంపుకు రావాలని ఉంది. గోనె కుట్టించుకుంది. వచ్చే ఏడు అన్నారు. వచ్చే ఏటిదాకా దానికి ఓపిక లేదు. వచ్చి వరసలో నిలబడి తన నంబరు చెప్పింది. అంతే. అది చేసింది అంతే.

ఎలా వచ్చింది అని నన్ను నేనే అడుగుతుంటాను. సైన్సు చదివాను, చెప్పాను, ఇన్నేళ్లు తలకిందులుగా ఆలోచించాను. భయంలో నా చెవులే నన్ను మోసం చేశాయంటే, మిగతావాళ్ల చెవుల సంగతేమిటి? ఎవరో కొంటెపిల్ల చేసిందంటే, ఇంత కాలంలో ఒక్కరైనా నోరు జారి ఉండాలి కదా. తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు కూడా లేదు.

నా బళ్లో దాదాపు ప్రతి ఏడూ ఎవరో ఒక చిన్నపిల్ల లేచి నిలబడి లెక్క చెప్తూ "ఇరవై పది" అనేది. క్లాసంతా నవ్వేది. నేను దిద్దేదాన్ని కాదు. "సరే, కూర్చో తల్లీ" అని, చాక్‌పీసు తీసుకొని బోర్డు వైపు తిరిగేదాన్ని. తర్వాత ఎవరో ఒకరు దిద్దుతారు.

ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. చిక్కుడుకాయలు వలుస్తూనో, ఎండబెట్టిన అప్పడాలు తీస్తూనో ఊరికే లెక్కపెట్టుకుంటాను. ఇరవై తొమ్మిది దగ్గరికి వచ్చేసరికి నోరు దానంతట అదే ఆగిపోతుంది. వెనకనుంచి ఎవరైనా చెప్తారేమో అని కాసేపు చూస్తాను. ఎవరూ చెప్పరు.

అప్పుడు దాని నంబరు నేనే చెప్తాను.